నాగజెముడుకు కట్టిన ఛార్టు

నా చేతిలో మనీప్లాంటు కూడా బతకదు. ఇప్పటికీ మా ఇంట్లో అందరూ ఈ మాట చెప్పి నవ్వుతారు, నేనూ ఒప్పుకుంటాను. పూలు చూసి మురిసిపోయే ఓపిక నాకు చిన్నప్పటినుంచీ లేదు. అలాంటి నేను ఒక వేసవిలో, రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి, నిద్ర మానుకుని ఒక ముళ్ళమొక్క ముందు రోజుల తరబడి గొంతుక్కూర్చున్నాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా గది సంగతి చెప్పాలి.

అప్పుడు నేను ఢిల్లీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. లక్ష్మీ నగర్‌లో ఉండేదాన్ని. మెట్రో స్తంభాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. రోడ్డంతా దుమ్ము, గోడల నిండా కోచింగు సెంటర్ల పోస్టర్లు. ఆ సందుల్లో సీఏ చదివే పిల్లలకు గది ఇట్టే దొరికేది, మాకు మాత్రం దొరికేది కాదు. ‘నైట్ డ్యూటీ’ అన్న మాట చెవిన పడగానే ఇంటివాళ్ళ మొహాలు మారిపోయేవి. ఊరంతా పడుకుని ఉండగా మేం ఎవరికి ఉచ్చపాత్ర పెడుతున్నామో వాళ్ళకేం తెలుసు! ఆ కోపం నాకింకా పూర్తిగా పోలేదు.

చివరికి మాకు గది ఇచ్చింది ఒక పంజాబీ ముసలావిడ. కింద ఆవిడ ఒక్కతే ఉండేది. మేడమీద ఒకే ఒక్క గది, వాకిట్లోంచి నిటారుగా పైకి పోయే ఇనుప మెట్లు. మేం ఆవిణ్ణి ఆంటీ అనేవాళ్ళం. మోకాళ్ళ నొప్పులవల్ల చేతికర్ర పట్టుకుని నడిచేది, పైకి ఎక్కేది కాదు. వాకిలివైపు కిటికీ పక్కన మంచం వేసుకుని, దళసరి అద్దాల కళ్ళజోడు పెట్టుకుని రోజంతా కూర్చునేది. షరతు ఒక్కటే పెట్టింది.

“దో లడ్కీ. తీసరీ నహీ. ఇత్నా పానీ కహాఁ సే లాఊఁ?”

ఇద్దరే ఉండాలి, మూడో మనిషికి నీళ్ళు చాలవు. పొద్దున గంటసేపు వచ్చే కుళాయి నీళ్ళే మేడమీది ట్యాంకుకు ఎక్కాలి కాబట్టి ఆవిడ మాటలో అన్యాయం లేదు. నేనూ, నాతో పనిచేసే నర్సాపురం పిల్లా సరేనని చేరాం.

తరువాతి ఫిబ్రవరిలో చీరాలనుంచి కొత్తగా ఒకమ్మాయి మా ఆసుపత్రిలో చేరింది. హాస్టల్లో చోటు లేదు. మేం ముగ్గురం ఎన్నో ఇళ్ళు తిరిగాం, అంతటా అదే మొహం. ఆ పిల్లకి ఐసీయూ నర్సు కావాలని ఉండేది. ఆరు నెలలు వార్డులో పనిచేస్తేనే ఐసీయూలోకి తీసుకుంటారు. ఇంటి దగ్గర వాళ్ళన్నయ్య మాత్రం, నెలాఖరుకి గది దొరక్కపోతే తనే వచ్చి తీసుకుపోతానని ఫోనులో తేల్చి చెప్పేశాడు. ఎస్టీడీ బూతు దగ్గర ఆ పిల్ల కళ్ళు తుడుచుకోవడం చూసి, ‘పెట్టె తెచ్చేసుకో’ అన్నాను. ముందూ వెనకా చూడకుండా అనేయడం నాకు అలవాటే.

మమ్మల్ని కాపాడింది షిఫ్టుల లెక్క. సూపర్‌వైజర్‌ని బతిమాలి ముగ్గురం మూడు షిఫ్టులు పట్టుకున్నాం. నర్సాపురం పిల్లది పొద్దుటి డ్యూటీ, చీరాల పిల్లది మధ్యాహ్నం డ్యూటీ, నాది రాత్రి. నేను తొమ్మిదింటికి ఇంటికొచ్చేసరికి గదిలో చీరాల పిల్ల ఉండేది. ఆమె ఒంటిగంటుంపావుకి వెళ్ళిపోతే, మూడున్నరకి నర్సాపురం పిల్ల వచ్చేది. సాయంత్రం నేను వెళ్ళాక చీరాల పిల్ల తిరిగొచ్చేది. వారపు సెలవులప్పుడు తప్ప ఏ వేళ చూసినా గదిలో ఇద్దరికి మించి ఉండం. ముగ్గురివీ తెల్ల యూనిఫారాలే, ముగ్గురివీ నూనె రాసి చుట్టిన ముడులే. ఆ కళ్ళద్దాల్లోంచి ఆంటీకి తేడా ఏం తెలుస్తుందిలే అని నా ధీమా. చీరాల పిల్ల స్నానం ఆసుపత్రిలోనే కానిచ్చేది. మెట్లమీద చప్పుడు కాకుండా చెప్పులు సంచిలో పెట్టుకుని ఎక్కేది, దిగేది.

ఇక మొక్క. మెట్లు పైకి చేరేచోట, ఒక పాత సిమెంటు తొట్టిలో నాగజెముడు ఉండేది. ఆంటీ భర్త ఎప్పుడో పెట్టాడట. ఆయన పోయాక దానికి నీళ్ళు పోసినవాళ్ళు లేరు. అయినా మనిషెత్తు పెరిగి, పిట్టగోడ మీదుగా వాకిట్లోకి ఒరిగింది. ఆరేసిన యూనిఫారం దానికి తగిలిందంటే చాలు, కంటికి కనిపించని నూగుముళ్ళు గుచ్చుకుని రోజంతా దురద. వాటిని ఫోర్సెప్స్‌తో పీక్కోవడం నా పని. తీసి పారేస్తానని ఒకసారి ఆంటీతో అన్నాను. “నాగ్‌ఫనీ కో హాథ్ మత్ లగానా” అని, దాన్ని ముట్టుకోవద్దని ఒక్క కసురు కసిరింది.

ఏప్రిల్లో దాని అట్టల్లాంటి కాడల అంచుల వెంబడి మొగ్గలు వచ్చాయి. వాటివెంటే చీమలు బారులు కట్టాయి. నర్సుకి చీమ కనపడితే ఇంకేం తోచదు, ఫినాయిల్ కలిపిన మగ్గు పట్టుకుని వెళ్ళాను. పొద్దున్నే డ్యూటీకి బయల్దేరుతున్న నర్సాపురం పిల్లకి ఆ రోజు నా వారపు సెలవు వల్ల నేను దొరికాను. చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఆగవే బాబూ! అవి మొక్కని తినట్లేదు. ఏదో తాగుతున్నాయి, చూడు.”

వంగి చూశాను. మొగ్గ అడుగున, ముళ్ళు పుట్టేచోట, ఆవగింజకన్నా చిన్న నీటిబొట్టు మెరుస్తోంది. ఒక చీమ తాగి తప్పుకోగానే ఇంకోటి వచ్చింది. పుల్లతో ఒక బొట్టు తీసి నాలిక మీద పెట్టుకున్నాను. తీపి! పువ్వింకా విచ్చనే లేదు, ఈ తీపి బయట ఎందుకు పెట్టినట్టు? రెండురోజుల తరవాత జవాబు దొరికింది. ఒక పచ్చపురుగు మొగ్గమీదికి పాకుతుంటే నాలుగు చీమలు దాన్ని కాళ్ళదగ్గర పట్టుకుని ఈడ్చాయి. పురుగు జారి తొట్టిలో పడింది. అప్పుడు అర్థమైంది, కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్‌కి టీ ఇచ్చినట్టు చీమలకి బయటే పెట్టేస్తోంది ఈ మొక్క. మగ్గు తీసుకెళ్ళి బాత్రూములో పారబోశాను.

మొదటి పువ్వు విచ్చిన రోజు డ్యూటీనుంచి వచ్చి మెట్లెక్కేసరికి, చీరాల పిల్ల ముళ్ళకి బెత్తెడు దూరంలో మొహం పెట్టుకుని కూర్చుంది. “అక్కా, ఉరికిరా!” అని గుసగుసగా పిలిచింది. పట్టులాంటి పసుపు రేకులు, లోపల లెక్కపెట్టలేనన్ని కేసరాలు, మధ్యలో లేతాకుపచ్చ బొడిపె. ఇంత గరుకు మొక్కకి ఇంత మెత్తటి పువ్వేమిటని అనుకుంటున్నాను. ఇంతలో బొటనవేలంత నల్ల తుమ్మెద ఒకటి ఝుమ్మని వచ్చి తలకిందులుగా అందులో దూరింది. దూరగానే ఆ కేసరాలన్నీ కదిలాయి. గాలి లేదు. వాటంతటవే లోపలికి వంగి తుమ్మెదని చుట్టుకున్నాయి.

నిద్రలేక కళ్ళు భ్రమిస్తున్నాయనుకున్నాను. తుమ్మెద ఒళ్ళంతా పుప్పొడితో వెళ్ళిపోయాక, పక్కనున్న ఇంకో పువ్వులో చెవిపుల్ల చివర పెట్టి మెల్లగా తాకాను. రెండు మూడు క్షణాలు ఏమీ లేదు. తరువాత కేసరాలు ఒక్కొక్కటే వంగి, దూదిమీదికి వాలాయి. అప్పుడే పుట్టిన బిడ్డ అరచేతిలో వేలు పెడితే వేళ్ళు ఎలా మూసుకుంటాయో సరిగ్గా అలాగే. లేబర్ రూములో ఎన్నోసార్లు ఆ చిన్న వేళ్ళు నా వేలిని పట్టుకున్నాయి. ప్రాణం ఉందనడానికి అంతకంటే పెద్ద గుర్తు నాకు తెలీదు. ఆ గుర్తు ఒక ముళ్ళమొక్క నాకు ఇచ్చింది, నేను పీకి పారేస్తానన్న మొక్క. ఆ పూట నేను ముద్ద మింగలేదు.

మర్నాటినుంచి మా ముగ్గురికీ అదే పిచ్చి. కానీ ఎవరమూ రోజంతా చూడలేం. దానికి ఉపాయం చీరాల పిల్లే చెప్పింది.

“పేషెంటుని ఒక్కళ్ళమే చూస్తామా ఏంది అక్కా? డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ ఇచ్చుకుందాం.”

తెల్లకాగితం మీద గళ్ళు గీశాం. టైము, ఎవరు వచ్చారు, ఏం చేశారు, రిమార్కులు, సంతకం. దాన్ని అట్టకి అంటించి, గాయాలకి కట్టే గాజుగుడ్డ పీలికతో తొట్టికే కట్టేశాం. ఛార్టు ఉండాల్సింది పేషెంటు మంచం దగ్గరే కదా. మా వార్డు పద్ధతి ప్రకారం పొద్దుటి డ్యూటీ నీలం సిరాతో, మధ్యాహ్నం డ్యూటీ నల్లసిరాతో, రాత్రి డ్యూటీ ఎర్రసిరాతో రాయాలి. పువ్వుకీ అలాగే రాశాం. ‘6.30, మొగ్గలు మూసి ఉన్నాయి, చీమలు డ్యూటీలో ఉన్నాయి’ అని నీలంలో. ‘9.15, పూర్తిగా విచ్చింది, తుమ్మెదలు మూడు, పేషెంటు స్థిమితంగా ఉంది’ అని ఎరుపులో. ‘11.40, చిన్న తేనెటీగలు, పుప్పొడి మాత్రమే తీసుకున్నాయి’ అని నలుపులో. ఆ రాతంతా వార్డు అలవాటు కొద్దీ ఇంగ్లీషులోనే ఉండేది.

ఆ ఛార్టు పూర్తయేకొద్దీ నాకు ఆశ్చర్యం పెరిగింది. ఒక్క పువ్వు, ఒక్క పగలు బతుకు. సాయంత్రానికి పసుపు కాస్తా నారింజరంగుకి తిరిగి ముడుచుకుపోతుంది. ఆ ఒక్క పగట్లో ఎంతమందికి పెడుతుందో! తేనె పువ్వు అడుగున ఉంటుంది. మీదికి వంగిన కేసరాల్ని తోసుకుని అంత లోతుకి వెళ్ళే బలం తుమ్మెదకే ఉంది, అలా తోసుకునేటప్పుడే దాని ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది. చిన్న ఈగలకి పైన పుప్పొడి, చీమలకి బయట బొట్లు. కాసేపటికి కేసరాలు మళ్ళీ విడివడి, వచ్చే అతిథికోసం సర్దుకుంటాయి. ఒకరి విస్తట్లో ఇంకొకరు చెయ్యి పెట్టరు, ఒకరు వచ్చారని ఇంకొకరిని పొమ్మనేదీ లేదు.

“మన గదిలాగానే ఉందక్కా,” అంది చీరాల పిల్ల.

“మన గదిలో ఇంత తీపి ఎక్కడేడ్చింది?” అన్నాను. కానీ ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

ఛార్టులో ఒక్క గడి మాత్రం రోజూ ఖాళీగా ఉండేది. ఒంటిగంటుంపావునుంచి మూడున్నరదాకా మేడమీద నేనొక్కదాన్నే, అదీ చచ్చినట్టు నిద్రలో. ఆ ఎండకి ఈగలు, తుమ్మెదలు సర్దుకుంటాయి, ఇక ఎవరూ రారనుకున్నాం. కానీ మూడున్నరకి వచ్చిన నర్సాపురం పిల్ల, వాకిట్లోకి ఒరిగిన పై పూలలో ఎవరో కొత్తగా తాకినట్టు రేకులమీద పుప్పొడి రాలి ఉందని రెండుమూడుసార్లు రాసింది. ఎవరు? తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కాపలా కూర్చుందామని చూశాను. మూడింటికి, చెంపమీద గోడ గరుకు అచ్చు వేసుకుని లేచాను.

మే నెల వచ్చింది. ఒక పొద్దున చీరాల పిల్ల మంచమ్మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునే తీరు నాకు నచ్చలేదు. పాదాలు చూపించమన్నాను. కొత్త చెప్పులు కరిచాయంది. చెప్పు కరిస్తే మడమ మీద కరుస్తుంది గానీ అరికాలంతా బొబ్బలెక్కుతాయా? మధ్యాహ్నం ఒంటిగంటప్పుడు ఆ ఇనుప మెట్లు పెనంలా కాలుతుంటాయి. ఆ పిల్ల వాటిమీద రోజూ ఒట్టికాళ్ళతో దిగుతోంది.

“నీకు బుద్ధుందా? చెప్పులేసుకుని దిగు!” అని అరిచాను.

“చప్పుడైతే ఆంటీ వింటది గదక్కా. ఇంకా మూడు నెలలే. ఐసీయూలోకి తీసుకున్నాక అన్నయ్య ఇక నన్ను రమ్మనడు.”

ఆయింట్‌మెంటు రాసి, రెండు జతల మేజోళ్ళు ఇచ్చాను. ఆ పిల్లని తెచ్చిపెట్టింది నేను. ఆ పాదాలు అలా అయ్యేదాకా చూడనిదీ నేనే. సిగ్గేసింది.

ఆ వారంలోనే ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి మెలకువ వచ్చి బయటికి వెళ్ళేసరికి మేడంతా తడిగా ఉంది. ట్యాంకుకి చిల్లు పడితే బాగుచేసే మనిషి వస్తాడని ఆంటీ ముందే చెప్పింది. వచ్చి వెళ్ళినట్టున్నాడు. పువ్వుల దగ్గరికి వెళ్ళాను. తొట్టికి గాజుగుడ్డ పీలిక వేలాడుతోంది. ఛార్టు లేదు.

గాలికి ఎగిరిందేమోనని మూలమూలలా వెతికాను. అప్పుడు మెట్ల మీద చూశాను. అక్కడక్కడా చేతికర్ర తడి గుర్తులు, గుండ్రంగా, కిందికి పోతూ. ఆంటీ పైకి వచ్చింది.

ఆ ఛార్టులో ఏముందో నాకంటే ఎవరికి తెలుసు? మూడు రంగులు, మూడు చేతిరాతలు. అవి చాలనట్టు ప్రతి గడి పక్కన ఒక సంతకం. సంతకం లేని ఎంట్రీ ఎంట్రీయే కాదని మా సీనియర్ సిస్టర్ చెవులు పిండి నేర్పింది. దొంగతనంగా గదిలో దాక్కున్న మనిషి చేత, రోజూ టైముతో సహా సంతకం పెట్టించి ఇంటివాళ్ళ తొట్టికే కట్టిన తెలివి నర్సులకి తప్ప ఇంకెవరికీ రాదు!

నర్సాపురం పిల్ల వచ్చాక కూర్చుని అబద్ధం తయారుచేశాం. మూడో అమ్మాయి మా చుట్టాలమ్మాయి, అప్పుడప్పుడూ చూడటానికి వస్తుంటుంది, ఇక్కడ ఉండదు. డ్యూటీకి ఇంకా వ్యవధి ఉండగానే నేను కిందికి దిగాను. ఆ పిల్లని రాత్రికి ఎక్కడ పడుకోబెట్టాలా అని దిగినంతసేపూ ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆంటీ కిటికీ పక్క మంచం మీద మెంతికూర ఒలుస్తోంది. ఒళ్ళో మా ఛార్టు. కూర్చోమనలేదు.

“ఆంటీ, వో తీసరీ లడ్కీ...” అని మూడో పిల్ల సంగతి మొదలుపెట్టాను.

“పహలే పఢ్,” అని, ముందు చదవమంటూ ఛార్టు నా చేతిలో పెట్టింది.

రోజూ ఖాళీగా ఉండే ఆ గడిలో, వణికే పెద్ద పెద్ద హిందీ అక్షరాలతో, పెన్సిలుతో రాసి ఉంది. ‘రెండు గంటలు. శకర్‌ఖోరా. నల్లగా, చిన్నగా ఉంటుంది. రోజూ వస్తుంది. పైన మూడు పూలు తాగి తీగమీద కూర్చుంటుంది.’ శకర్‌ఖోరా అంటే తేనెపిట్ట. ఆ కిటికీలోంచి తల ఎత్తితే పిట్టగోడ మీదుగా ఒరిగిన ఆ పూలే కనపడతాయని నాకు అప్పుడు తట్టింది. పూలతోపాటు మెట్లూ కనపడతాయని మరుక్షణం తట్టింది.

పక్క గడి రిమార్కులది. అందులో ఇంకో వాక్యం ఉంది. ‘మూడో అమ్మాయిని చెప్పులు వేసుకుని దిగమనండి. మెట్లు కాలుతున్నాయి.’ దాని చివర, గడిలో ఇరికించి, ఆంటీ సంతకం.

నాకు ఏడుపు అంత తొందరగా రాదు. వార్డులో పెద్ద పెద్ద ఏడుపులు చూసినదాన్ని. ఆ పెన్సిలు అక్షరాల ముందు నిలబడి ముక్కు ఎగబీల్చాను. తయారుచేసుకున్న అబద్ధం ఎటు పోయిందో తెలీదు.

“పానీ, ఆంటీ?” అన్నాను చివరికి.

ఆవిడ మెంతికూర నుంచి తల ఎత్తలేదు. “తీన్ కా పానీ తో ఫర్వరీ సే జా హీ రహా హై,” అంది. ముగ్గురి నీళ్ళు ఫిబ్రవరి నుంచీ ఖర్చవుతూనే ఉన్నాయి. తన ట్యాంకులో నీళ్ళెంత తగ్గుతున్నాయో తనకి తెలీదనుకున్నామా అన్నట్టు ఉంది ఆ గొంతు. నేను పైకి వచ్చి ఛార్టుని మళ్ళీ తొట్టికి కట్టాను, ఈసారి రెండు ముళ్ళు వేసి.

మర్నాడు పట్టుపట్టి మేలుకున్నాను. రెండు కొట్టగానే వచ్చింది తేనెపిట్ట. ఆంటీ నలుపు అని రాసింది గానీ, ఎండ పడ్డచోట దాని మెడ నీలంగా, ఊదాగా మెరిసింది. వంకీ తిరిగిన సన్నటి ముక్కు పువ్వు అడుగుదాకా దించింది. కేసరాలు ఆ ముక్కుచుట్టూ, ఆ బుల్లి నుదుటి చుట్టూ వాలాయి. పొద్దుటినుంచీ ఇందరికి పెట్టిన పువ్వులో దానికీ మిగిలి ఉంది. మూడు పూలు తాగి, ఆంటీ రాసినట్టే తీగమీద కూర్చుని ముక్కు తుడుచుకుంది. అది ఎగిరిపోయేదాకా చూశాను. నా జీవితంలో ప్రార్థన అనుకోకుండా చేసిన ప్రార్థన బహుశా అదొక్కటే.

కానీ ఆ రోజు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది పిట్ట కాదు. దానికి ముప్పావుగంట ముందు, ఒంటిగంటుంపావుకి, చీరాల పిల్ల మెట్ల పైన నిలబడి ఉంది. సంచిలోంచి చెప్పులు తీసి కింద పెట్టింది. వేసుకుంది. నావైపు చూసింది. నేను తల ఊపాను. ఒక మెట్టు దిగింది. ఇనుము ఠక్కుమంది. భయపడి ఆగిపోయింది.

పడిపోతావు, మెల్లగా దిగమంటూ కింద కిటికీలోంచి ఆంటీ గొంతు వినపడింది.

“ధీరే ఉతర్, బేటీ. గిర్ జాయేగీ.”